తుపాకీ కర్ర మీద ఉన్నది పగులా, ఉత్త గీతా? ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ల నుంచి ఏటా ఎండాకాలం చివర్లో ఇదే ప్రశ్న వస్తుంది. "కర్ర మీద సన్నగా గీత కనబడుతోంది. పగులేనంటారా? కాల్చొచ్చా?" కొందరు ఫోటో కూడా పంపుతారు. ఫోటో చూసి తేల్చే విషయం కాదిది. గీత ఎక్కడ మొదలైందో, చెక్క నార వెంట పోతోందో అడ్డంగా పోతోందో, లోపలి వైపు కూడా ఉందో లేదో తుపాకీ చేతిలో ఉన్నవాళ్లే చూడాలి. గంటన్నర తీరిక, ఇంట్లో దొరికే నాలుగు వస్తువులు చాలు.

పగులు ఉందని తెలుసుకోవడం సగం పనే. అది ఎందుకొచ్చిందో తెలియకుండా జిగురు పోస్తే వచ్చే ఏడాది అక్కడే, లేకపోతే బెత్తెడు దూరంలో మళ్లీ వస్తుంది. అందుకే కింద చెప్పిన వాటిలో కాటుక పరీక్షను మాత్రం వదిలేయకండి.

కర్ర అన్నా, కుందా అన్నా, స్టాక్ అన్నా ఒకటే. భుజానికి ఆనేది మడమ. చేత్తో పట్టుకునే సన్నటి చోటు మెడ. గొట్టం కింద ఉండేది ముందు కర్ర. బోల్టు, ట్రిగ్గర్ కూర్చునే ఇనప భాగం యాక్షన్. యాక్షన్ వెనక తోకలా సాగి మెడ మీదికి వచ్చే ఇనప పట్టీ ట్యాంగ్.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అడవి జంతువును కాల్చకూడదు. అది పంట మీద పడిన పందయినా సరే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవాళ్లకు ఆ పనికి వేరే లైసెన్సు ఉండాలి. మీ తుపాకీని మీరు తుడిచి, పరీక్షగా చూసుకోవడం వేరు, ఊళ్లో వడ్రంగి చేతికి ఇచ్చి అతికించమనడం వేరు. ఇక్కడ చెప్పేది మొదటిది మాత్రమే.

కావలసినవి

- మంచి టార్చి ఒకటి. ఫోన్ లైటు చెదిరిపోతుంది, సన్నటి కాంతి వచ్చేదైతే మేలు.
- మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ 100 మిల్లీలీటర్లు, కొంచెం దూది.
- సుద్ద ముక్క ఒకటి, మెత్తటి పాత నూలు గుడ్డ.
- మామూలు జిరాక్స్ కాగితం. 80 జీఎస్ఎమ్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. మెకానిక్ దగ్గర ఫీలర్ గేజి (సందులు కొలిచే సన్న రేకుల కట్ట) దొరికితే అందులో 0.05 మిల్లీమీటరు రేకు ఇంకా మంచిది.
- గట్టి పెన్సిలు, స్కేలు, భూతద్దం.
- కాటుక, రెండు చుక్కల ఆముదం.
- స్క్రూ గాడిలో కొస నుంచి కొస వరకు సరిగ్గా నిండే స్క్రూడ్రైవరు. ఇది లేకపోతే 6, 7 మెట్లు డీలరు దగ్గరే చేయించండి. సైకిల్ షాపు స్క్రూడ్రైవరుతో గాడి చెడిపోయిన తుపాకులు పగిలిన తుపాకుల కన్నా ఎక్కువ.

1. ఖాళీ చేయండి, ఖాళీ అయిందని నమ్మకం కుదిరేదాకా చూడండి

తూటాలు వేరే గదిలో పెట్టండి. బోల్టు రైఫిలయితే మ్యాగజైను తీసి, బోల్టు వెనక్కి లాగి, లోపల కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా తడమండి. ఆ తర్వాత బోల్టు పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టండి. రెండు గొట్టాల పన్నెండు బోరు అయితే విరిచి తెరిచి, గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

అసలు ప్రమాదం మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకులతో. కొందరు భరమారు అంటారే, అవి. వెనక తెరిచి చూసే వీలు వాటికి ఉండదు. మొదట తుపాకీ మూతి మనుషులు లేని వైపు, ఆరుబయట దిక్కుకు ఉంచి, మీటకు వేలు తగలకుండా, నిపుల్ (సుత్తి పడే చిన్న గొట్టం) మీద టోపీ (నిప్పు పుట్టించే క్యాప్) ఉంటే తీసేయండి. తర్వాత మూతికి ఎదురుగా మొహం గానీ, అరచెయ్యి గానీ రాకుండా పక్క నుంచి, దట్టించే కడ్డీని వేళ్లతో పట్టి గొట్టంలోకి చివరిదాకా దించి, మూతి దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. కడ్డీ బయటికి తీసి, ఆ గీత మూతికి సరిగ్గా వచ్చేలా గొట్టం పక్కన ఆనించండి. కడ్డీ కొస నిపుల్ దాకా రావాలి. రెండు మూడు వేళ్ల ముందే ఆగిపోయిందంటే లోపల మందు ఉంది. మీరు తీయబోకండి, నిప్పు దగ్గరికి తేకండి. పరీక్ష అక్కడితో ఆపి లైసెన్సు ఉన్న డీలరుకు చెప్పండి.

2. ముట్టుకునే ముందు ఫోటోలు

ఎనిమిది ఫోటోలు చాలు: కుడి, ఎడమ, పైన, కింద, మెడ రెండు వైపులా, మడమ చివర, ముందు కర్ర కొస. పక్కన స్కేలు పెట్టి తీయండి. ఎన్నికలప్పుడు ఠాణాలో డిపాజిట్ చేసేవాళ్లు ఇచ్చే రోజు ఒకసారి, తెచ్చుకున్న రోజు ఒకసారి ఇదే వరసలో తీసుకుంటే గీత పాతదో కొత్తదో అన్న తగువుండదు.

ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. నూనె గుడ్డ వద్దు, పొడి గుడ్డ చాలు. నూనె రాస్తే సన్న పగులు మాయమైనట్టు కనిపిస్తుంది. రోగం మాత్రం అక్కడే ఉంటుంది.

3. ఎక్కడెక్కడ చూడాలి

కర్ర ఎక్కడ పడితే అక్కడ పగలదు. ఏ రకం తుపాకీకి ఏ చోటు బలహీనమో ముందే తెలుసు. గది చీకటి చేసుకుని, టార్చిని కర్రకు దాదాపు సమాంతరంగా, పక్కవాటుగా వేసి చూడండి. ఎదురుగా వేస్తే పాలిష్ మెరుపు కళ్లను మోసం చేస్తుంది.

315 బోరు స్పోర్టింగ్ రైఫిల్. ఇషాపూర్ తయారీది, మన వైపు ఎక్కువగా కనిపించే రైఫిల్ ఇదే. లీ-ఎన్‌ఫీల్డ్ వరసది కాబట్టి కర్ర రెండు ముక్కలు: వెనక మడమ ముక్క, ముందు కర్ర. కాల్చినప్పుడు వచ్చే తన్ను ముందు కర్ర వెనక చివర, లోపలున్న రెండు చిన్న చెక్క మెట్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి నూనె ఇంకి అవి మెత్తబడతాయి. ఒకటి నలిగిపోతే భారమంతా రెండోదాని మీద పడుతుంది, అది చీలుతుంది. బయటికి కనిపించేదల్లా ట్రిగ్గర్ పైన, ముందు కర్ర వెనక అంచు దగ్గర మొదలై ముందుకు పోయే వేలెడు గీత. వేలెడే కదా అనుకుంటారు. చాలాసార్లు లోపలి మెట్టు అప్పటికే ఊడి ఉంటుంది.

ఇదే రైఫిల్లో మడమ ముక్క కదులుతుంటే వెంటనే పగులనుకోకండి. మడమ లోపల నిలువునా పొడుగాటి బోల్టు ఒకటి ఉంటుంది, అది వదులైనా టకటకమంటుంది. మెడ ముందు అంచు ఇనప గూటిలో కూర్చునే చోట చుట్టూ చూడండి. చెక్క పెచ్చులు లేవకుండా ఉత్త కదలికే ఉంటే ఆ పొడుగు బోల్టుది తప్పు.

ఒకే ముక్క కర్ర ఉన్న బోల్టు రైఫిళ్లు. మౌజర్ పద్ధతివన్నీ ఇందులోకే వస్తాయి. ముందు ట్యాంగ్ వెనక చూడండి. ట్యాంగ్ కొస నుంచి మెడ మీదుగా వెనక్కి తిన్నగా పోయే సన్న గీత ఉంటే దాదాపు పగులే. యాక్షన్ ముందు భాగాన కింద రీకాయిల్ లగ్ అనే ఇనప దిమ్మ ఉంటుంది. తన్నును మోయాల్సింది అది. దాని వెనక చెక్క అరిగి ఖాళీ వస్తే యాక్షన్ మొత్తం వెనక్కి జరిగి, ట్యాంగ్ మేకులా మెడలోకి దిగుతుంది. కట్టెలో గొడ్డలి దిగినట్టే. మ్యాగజైను రంధ్రానికీ ట్రిగ్గర్ రంధ్రానికీ మధ్య సన్నటి చెక్క వంతెన ఉంటుంది, రెండో బలహీనమైన చోటు అది. విప్పితే తప్ప కనిపించదు.

రెండు గొట్టాల పన్నెండు బోరు. కర్ర తల, అంటే ఇనుముకు ఆనుకునే ముందు అంచులు చూడండి. తాళాల (సుత్తి, స్ప్రింగుల యంత్రం) రేకులు పక్కలకు ఉంటే వాటి వెనక మూలల నుంచి, ఆ యంత్రం యాక్షన్ లోపలే ఉండే పెట్టె రకమైతే పై పట్టీ కొస నుంచి పగులు మొదలవుతుంది. ఈ తుపాకీలో ముందు కర్ర, గొట్టాలు చేత్తో విడదీసి చూడటం వరకే మీ పని. యాక్షన్ స్క్రూల జోలికి పోవద్దు. వాటికి వాడే సన్న డ్రైవరు మామూలు ఇళ్లలో ఉండదు, లోపలి స్ప్రింగులు ఎగిరితే కూర్చోబెట్టడం మీ వల్ల కాదు.

మందు దట్టించే తుపాకీ. గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే సీలల చుట్టూ, కడ్డీ దాచే గాడి పొడుగునా, తాళం కూర్చునే గుంట మూలల్లో చూడండి.

అన్నిటికీ కలిపి: మెడ చుట్టూ వేలితో పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. మడమ కింది మూల చూడండి, తుపాకీని నేల మీద ఠక్కున ఆనించే అలవాటుంటే అక్కడ ముక్క లేస్తుంది. బెల్టు కొక్కేల స్క్రూల దగ్గర చూడండి. మోటారు సైకిల్ మీద నుంచి పడిన తుపాకీకి మాత్రం మెడే ముందు పోతుంది. పైన పాలిష్ చెక్కుచెదరకపోయినా లోపల నార తెగి ఉండొచ్చు.

సన్న చిల్లులు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే అది తన్ను వల్ల వచ్చిన పగులు కాదు, పుచ్చు. మట్టి ఇంటి గోడకు ఆనించి పెట్టే తుపాకులకు చెదల భయం కూడా ఉంది. అలాంటి కర్రకు అతుకు వేయించడం డబ్బు దండగ. కొత్త కర్రే.

4. గీతా, పాలిష్ చీలికా, పగులా

అక్రోటు చెక్కలో నల్లటి సహజ చారలు చాలా ఉంటాయి. పాత వార్నిష్ ఎండకు బీటలు వారుతుంది. ఈ రెండింటినీ పగులుగా పొరబడేవాళ్లే ఎక్కువ. ఈ వరసలో చూడండి.

గోరు: గీతకు అడ్డంగా గోరు గీయండి. చార అయితే తగలదు. తగిలితే తర్వాతి పరీక్షకు పోండి.

దిశ: చెక్క పగులు ఎక్కువగా నార వెంట పోతుంది. వార్నిష్ చీలిక నారను లెక్కచేయదు. అడ్డదిడ్డంగా, చిన్న చిన్న గళ్లుగా ఉంటుంది. నారకు అడ్డంగా, రంపపు పళ్లలా చీలికలతో పోయే గీత మెడ మీద ఉంటే అది దెబ్బ తగిలి విరిగిన నార. దాన్ని మించిన చెడ్డ గుర్తు లేదు.

స్పిరిట్: దూదిని స్పిరిట్‌లో ముంచి పిండి, గీత మీదుగా ఒక్కసారి రాయండి. పైపై తడి పదీ ఇరవై సెకన్లలో ఆరిపోతుంది. పగులు ఉంటే అందులోకి దిగిన స్పిరిట్ ఆలస్యంగా ఆరుతుంది, దారం పరిచినట్టు నల్లటి సన్న గీత మిగిలిపోతుంది. ఆ గీత ఎంత దూరం పోయిందో అదే పగులు అసలు పొడవు. కంటికి రెండంగుళాలు కనిపించినది స్పిరిట్‌తో మూడున్నర తేలడం మామూలే.

జాగ్రత్త: పాత ఇంగ్లీషు తుపాకులకూ, మన వడ్రంగులు పాలిష్ పట్టిన కర్రలకూ లక్క పాలిష్ ఉండొచ్చు. స్పిరిట్ దాన్ని కరిగిస్తుంది. మడమ పట్టీ అంచున కనపడని చోట ముందు ఒక చుక్క వేసి చూడండి. జిగటగా మారితే స్పిరిట్ మానేసి సుద్ద వాడండి. సుద్దను మెత్తగా పొడిచేసి గీత మీద రుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే పగుల్లో తెల్ల గీత నిలుస్తుంది. స్పిరిట్ వాడాల్సి వస్తే పొయ్యి, దీపం, బీడీ ఏవీ దగ్గర ఉండకూడదు.

కాగితం: పగులు నోటిలో జిరాక్స్ కాగితం మూల దూరిందంటే వెడల్పు 0.1 మిల్లీమీటరు దాటింది. ఎంత లోతు పోయిందో కాగితం మీద పెన్సిలుతో గుర్తుపెట్టండి. చాకు మొన, సూది, బ్లేడు దూర్చొద్దు. అవన్నీ మేకులే. లేని పొడవు మీరే ఇచ్చినట్టవుతుంది.

5. పగులు బతికుందా, చచ్చిపోయిందా

పాత కర్రలో ఏనాడో వచ్చి ఆగిపోయిన నెర్రెలుంటాయి. అవి కదలవు. తన్ను తగిలినప్పుడల్లా తెరుచుకుని మూసుకునేవి వేరు.

గీత మీద మరోసారి స్పిరిట్ రాయండి. పైతడి ఆరగానే, పగులుకు రెండు వైపులా బొటనవేళ్లు పెట్టి మెల్లగా వంచినట్టు నొక్కండి. గోలీ సోడా గోలీని లోపలికి నొక్కేంత బలం చాలు, మోకాలు పెట్టి విరవబోకండి. నొక్కినప్పుడు గీతలోంచి తడి పొంగి, వదలగానే లోపలికి పీల్చుకుంటే పగులు బతికే ఉంది. కొన్నిసార్లు స్పిరిట్‌కు బదులు నల్లటి పాత నూనె ఊరుతుంది. అలాంటప్పుడు రెండు రోగాలు: పగులు ఒకటి, నూనెకు మెత్తబడిన చెక్క ఇంకొకటి.

తర్వాత చప్పుడు. బెల్టు కొక్కేలు తీసేయండి, లేకపోతే అవే గలగలమంటాయి. తుపాకీని మెడ దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసినట్టు పట్టుకుని, కర్రను వేలి కణుపుతో తట్టుతూ మడమ నుంచి ముందుకు రండి. గట్టి చెక్క ఖంగుమంటుంది. పగులున్న చోట చప్పుడు చచ్చుబడుతుంది, లేదా సన్నగా జీరగా వస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తాం కదా, చెవికి అదే అలవాటు. ఒక్క చోటే తట్టి తేల్చేయకండి. కుడి ఎడమలు పోల్చి వినండి.

6. విప్పి లోపల చూడటం

వెలుపలి గీతకు ఎదురుగా లోపల కూడా గీత కనిపిస్తే పగులు ఆరపార ఉన్నట్టు. అది తెలియాలంటే విప్పాలి. మీ తుపాకీని ముందెప్పుడూ విప్పి ఉండకపోతే ఈ మెట్టు డీలరు దగ్గరే చేయించండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

విప్పే ముందు ప్రతి స్క్రూ గాడి ఏ దిక్కున ఉందో, గడియారం ముల్లులా, కాగితం మీద గీసుకోండి. బిగించేటప్పుడు అది అక్కడికే రావాలి. పావు చుట్టుకు మించి ముందుకు పోతోందంటే చెక్క నలిగి కుంగినట్టు. అదీ ఒక ఆధారమే.

లీ-ఎన్‌ఫీల్డ్ వరస రైఫిలున్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. మడమ లోపలి పొడుగు బోల్టును ముందు కర్ర తీయకుండా ఎన్నడూ తిప్పకూడదు. పాత పద్ధతి రైఫిళ్లలో ఆ బోల్టు కొస నలుపలకలుగా ఉండి, ముందు కర్ర వెనకున్న చిన్న ఇనప రేకులో కూర్చుంటుంది. మడమ వదులైందని బోల్టు బిగించబోతే ఆ కొస తిరిగి, బాగున్న ముందు కర్రను నిలువునా చీలుస్తుంది. ఈ రైఫిళ్లకు పగులు తెచ్చే పనుల్లో ఇదీ ఒకటి. పైగా ఇది చేతులారా చేసుకునేది.

ముందు కర్ర తీసేటప్పుడు మూతి వైపు పట్టుకుని కిందికి వంచి లాగొద్దు. వెనక భాగం, ముందు భాగం రెండూ సమంగా, తిన్నగా కిందికి దిగాలి. వంచితే నేను పైన చెప్పిన చెక్క మెట్లు పెళుక్కున ఊడతాయి. ముందు ట్రిగ్గర్ గార్డు స్క్రూ రంధ్రంలో చిన్న ఇనప గొట్టం ఉంటుంది, కింద పడితే వెతికి పెట్టుకోండి. అది పోయిన తుపాకీలో స్క్రూ బిగించినకొద్దీ చెక్క నలుగుతూ పోతుంది.

లోపల టార్చి వేసి చూడాల్సినవి: చెక్క రంగు, అంచులు, మూలలు. బొగ్గులా నల్లబడి, గోరు గుచ్చితే గుంట పడితే నూనెకు కుళ్లినట్టు. మూలల నుంచి మొదలైన గీతలకు స్పిరిట్ పరీక్ష ఇక్కడ నిర్భయంగా చేయొచ్చు. లోపల పాలిష్ ఉండదు కదా.

7. కాటుక పరీక్ష: తన్ను ఎక్కడ పడుతోంది?

కాటుకలో రెండు చుక్కల ఆముదం కలిపి పలచన చేయండి. రీకాయిల్ లగ్ వెనక ముఖానికీ, ట్యాంగ్ కొసకూ వేలితో అద్దినంత పలచగా పూయండి. లీ-ఎన్‌ఫీల్డ్ అయితే చెక్క మెట్లకు ఆనే ఇనప ముఖాలు రెండిటికీ. కిందా మీదా కారేంత పూస్తే అంతటా అంటుకుని ఏమీ తేలదు. ఇనుము మెరుపు కాస్త కనిపించేంతే ఉండాలి.

కర్రలో కూర్చోబెట్టి, స్క్రూలు గుర్తు దాకా బిగించి, మడమను అరచేత్తో ముందుకు రెండు మూడుసార్లు తట్టండి. మళ్లీ తిన్నగా విప్పండి. చెక్క మీద మసి ఎక్కడ అంటిందో చూడండి.

లగ్ వెనక చెక్కంతా నల్లగా, ట్యాంగ్ వెనక శుభ్రంగా ఉంటే కూర్పు బాగుంది. ట్యాంగ్ వెనక చెక్కకు మసి అంటి, లగ్ దగ్గర ఏమీ లేకపోతే ట్యాంగ్ వెనకి పగులుకు కారణం దొరికినట్టే. ట్యాంగ్ కొసకూ చెక్కకూ మధ్య విజిటింగ్ కార్డు మందమంత, అంటే 0.3 మిల్లీమీటరు సందు ఉండాలి. లీ-ఎన్‌ఫీల్డ్ మెట్లలో ఒకటే నల్లబడితే తన్నంతా ఒంటి కాలి మీద నిలబడుతోంది.

ఈ చెక్కను మళ్లీ తుడిచేయకముందే ఫోటో తీయండి. మరమ్మతు చేసేవారికి వంద మాటల కన్నా ఈ ఫోటో పనికొస్తుంది. తర్వాత ఇనుము మీది కాటుకను శుభ్రంగా తుడిచి, పలచగా గన్ ఆయిల్ పెట్టండి.

8. కాలాన్ని బట్టి చూడాలి

పగులు రెండు కొసల దగ్గరా సన్నటి పెన్సిలు అడ్డగీత, పక్కన తేదీ. పాలిష్ మీద పెన్సిలు నిలవకపోతే కాగితపు టేపు అతికించి దాని మీద రాయండి.

చెక్క నార వెంట దాదాపు సాగదు, ముడుచుకోదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కోరాపుట్ కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలి తడిగానే ఉంటుంది. ఆ నెలల్లో పగులు నోరు మూసుకుంటుంది. ఆగస్టులో చూసి "ఏమీ లేదు, మానిపోయింది" అనుకున్న గీతే మే నెలలో కాగితం దూరేంత తెరుచుకుంటుంది. మహారాష్ట్రలో సిరొంచ, చంద్రపూర్ వైపు ఎండలకైతే ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. కాబట్టి ఒకసారి మే నెలలో, ఒకసారి ఆగస్టులో చూడాలి. రెండుసార్లూ కొస పెన్సిలు గీత దగ్గరే ఆగి ఉంటే, ఆ మధ్యలో కాల్చినా ముందుకు పోకపోతే అది చచ్చిన నెర్రె. ఒక్క మిల్లీమీటరు దాటినా బతికున్నదే.

స్క్రూల కథా ఇదే. వానల్లో ఉబ్బిన చెక్క మీద బిగించిన స్క్రూ ఏప్రిల్ నాటికి వదులవుతుంది. వదులు స్క్రూతో కాలిస్తే యాక్షన్ కర్రలో గుద్దుకుంటుంది, కొత్త పగులు అలాగే మొదలవుతుంది.

ఏం తేలితే ఏం చేయాలి

మెడలో ఏ రకం పగులున్నా, ఎంత చిన్నదైనా, కాల్చకండి. "ఒక్కటి కాల్చి చూద్దాం" అనడం పరీక్ష కాదు. మెడ విరిగితే పెచ్చులు దిగేది మీ చేతిలోకి.

ట్యాంగ్ వెనక బతికున్న పగులు, ముందు కర్ర మెట్లు ఊడటం, మ్యాగజైను దగ్గరి వంతెన తెగడం, పన్నెండు బోరు కర్ర తల చీలడం: వీటితోనూ కాల్చొద్దు, కానీ ఇవి బాగుపడేవే. నూనె తీసి, ఎపాక్సీతో అతికి, ఇనుము ఆనే చోటు కొత్తగా కూర్చాలి.

మడమ చివర పట్టీ కింద కనిపించే ఎండు నెర్రెలు, ఆగిపోయిన ఉపరితలపు గీతలు: గుర్తుపెట్టి, కనిపెట్టి ఉండండి.

తరచూ చేసే తప్పులు

పరీక్షకు ముందే ఫెవిక్విక్ పోయడం. అది పగులు నోరు మూస్తుంది, లోపలికి దిగదు. తర్వాత అసలు జిగురు దిగే దారీ ఉండదు.

ఇన్సులేషన్ టేపు, రాగి తీగ చుట్టి ఊరుకోవడం. పగులు కనబడకుండా పోతుంది, అంతే.

తుడిచాక తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెట్టడం. గొట్టంలోని నూనె మెల్లగా దిగి కర్ర తలలో ఇంకుతుంది. నూనె పెట్టిన రాత్రి మూతి కిందికి ఉంచండి. ఆవనూనె, కొబ్బరినూనె కర్రకు రాయడమూ ఇలాంటిదే. అవి ఆరవు, జిడ్డు తేలి చెక్కను మెత్తబరుస్తాయి. కర్రకు పనికొచ్చేది అవిసె గింజల నూనె, అదీ పలచగా.

పొయ్యి పైన అటక మీద దాచడం. పొగకు పురుగు పట్టదనేది నిజమే కావచ్చు, ఆ వేడికి కర్ర ఎండి చీలేదీ నిజమే.

కొత్త కర్రకు టేకు బాగుంటుందని చెక్క కొనేయడం. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతుకు సరిగా పట్టదు. నార తిన్నగా ఉన్న అక్రోటు అడగండి, మెడ దగ్గర నార మెడ వెంటే పోయేలా కోయించండి.

డీలరు దగ్గరికి పోయేటప్పుడు

లైసెన్సు అసలు కాగితం వెంట ఉండాలి, తూటాలు ఇంట్లో ఉండాలి. రాయగడ, గుణుపురం వాళ్లకు విజయనగరం, విశాఖ దగ్గరనిపించి అక్కడికే బయల్దేరతారు. మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందు చదువుకోండి. ఒడిశా వరకే ఉంటే ఆంధ్రా చెక్‌పోస్టు దాటకూడదు. డీలరుకు మరమ్మతు లైసెన్సు ఉందో లేదో అడిగి, తుపాకీ నంబరు రాసిన రసీదు తీసుకోండి.

చెప్పాల్సిన మాట ఇంతే: పగులు ఎక్కడ, స్పిరిట్‌తో తేలిన పొడవు ఎంత, నొక్కితే తెరుచుకుంటోందా లేదా, కాటుక ఎక్కడ అంటింది.

తిరిగొచ్చాక

అతుకు గీత మీద స్పిరిట్ రాయండి. అతుకు పూర్తిగా నిండితే తడి అంతటితో పాటే ఆరుతుంది. ఎక్కడైనా దారంలా నిలిస్తే అక్కడ జిగురు దిగలేదు, వెనక్కి ఇవ్వండి. తట్టి వినండి. కాటుక పరీక్ష మళ్లీ చేయమని డీలరు ముందే అడగండి, ఈసారి ట్యాంగ్ వెనక మసి అంటకూడదు. కొసల దగ్గర కొత్త తేదీతో పెన్సిలు గీత పెట్టండి. అనుమతి ఉన్న చోట అయిదు రౌండ్లు కాల్చాక ఒకసారి, వచ్చే మే నెలలో ఒకసారి అదే గీత దగ్గర చూడండి.